మెడ నలుపు, గడ్డం మీద మొటిమలు: పైన రాసుకోవాలా, తిండి మార్చుకోవాలా?

కృష్ణఒడ్డు:
అందరికీ నమస్తే. రెండేళ్లుగా మీరు రాసేవన్నీ చదువుకుని వెళ్లిపోవడమే గానీ ఎప్పుడూ నోరు విప్పలేదు, ఇవాళ తప్పడం లేదు. నాకు 32 ఏళ్లు, విజయవాడ, ఇద్దరు పిల్లలు, చిన్నవాడికి రెండున్నర. ఒక బట్టల షాపులో అకౌంట్స్ చూస్తాను. ఏడాదిగా గడ్డం కింద, దవడ వెంబడి మొటిమలు. అవీ చిన్నవి కాదు, లోపల గడ్డలా ఉండి చెయ్యి తగిలితే ప్రాణం పోతుంది, ఒకటి తగ్గేలోపు పక్కనే ఇంకోటి. మెడ వెనకాల నల్లగా మందంగా అయిపోయింది. మొన్న పెళ్లిలో మా చిన్నత్తగారు అందరి ముందూ "మెడ కాస్త తోముకోవమ్మాయ్" అంది. ఆ రోజు భోజనం సహించలేదు. దువ్వితే దువ్వెన నిండా జుట్టే. పీరియడ్స్ ఒకసారి 45 రోజులకి, ఒకసారి రెండు నెలలకి.

ఫేషియల్స్‌కీ క్రీములకీ కలిపి ఇప్పటికి పన్నెండు వేలు తగలేశాను, ఆయనకి తెలియదు. ఇప్పుడు ఇన్‌స్టాలో ఏబీసీ జ్యూస్ అని చూశాను, ఆపిల్, బీట్‌రూట్, క్యారెట్. నెల తాగితే ముఖం మెరిసిపోతుందట. మొదలెట్టమంటారా? అసలు తిండికీ చర్మానికీ సంబంధం ఉందా, లేక ఇవన్నీ కబుర్లేనా?

చింతచిగురు:
జ్యూస్ సంగతి తర్వాత, ముందు ఆ మెడ తోమడం ఆపు తల్లీ. నేను పదేళ్లు తోమాను. సున్నిపిండి, నిమ్మచెక్క మీద పంచదార వేసి, ఒకసారి వంటసోడా కూడా. తోలు లేచి, మండి, ఆ మంట తగ్గాక ముందుకంటే నల్లబడింది. తర్వాత మోకాలి నొప్పికని డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆవిడ మోకాలు చూడకముందే నా మెడ చూసి షుగర్ టెస్టు రాసింది. మెడకీ షుగర్‌కీ ఏంటి మేడం అంటే అప్పుడు చెప్పింది. ఒళ్లు ఇన్సులిన్ మాట వినడం మానేస్తే, క్లోమం ఇంకా ఇంకా ఇన్సులిన్ వదులుతుందట, అలా ఎక్కువైన ఇన్సులిన్ వల్ల చర్మం కణాలు పెరిగిపోయి మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో తోలు వెల్వెట్ గుడ్డలా మందంగా నల్లగా అవుతుందట. దాన్ని అకాంథోసిస్ నైగ్రికన్స్ అంటారు. మట్టీ కాదు, మురికీ కాదు, ఎంత తోమినా పోయేది కాదు.

అదే ఇన్సులిన్ అండాశయాల దాకా వెళ్లి మగ హార్మోన్లని పెంచుతుంది, దాంతో గడ్డం దగ్గర మొటిమలు, నెలసరి తప్పడం, పైపెదవి మీద వెంట్రుకలు. నువ్వు రాసింది చదివితే నాకు పీసీఓడీయే గుర్తొచ్చింది, అండాశయాల్లో హార్మోన్లు అదుపు తప్పే ఈ సమస్యనే అలా అంటారు. నేను డాక్టర్ని కాదు, కానీ స్కిన్ డాక్టర్ కంటే ముందు లేడీ డాక్టర్‌కి చూపించుకో. మెడ మీద పులిపిర్లలాంటివి వేలాడుతున్నాయా?

కృష్ణఒడ్డు:
అక్కా, ఉన్నాయి. మూడు. గొలుసు తగిలి వచ్చాయనుకున్నాను.

తెల్లారగట్ల_కాఫీ:
ఏబీసీ జ్యూస్ మంచిదేనండీ, మా ఆడపడుచు తాగుతుంది, బుగ్గలు ఆపిల్ లాగే ఉంటాయి. బీట్‌రూట్ రక్తం పట్టిస్తుంది కదా, రక్తం ఉంటే మెరుపు అదే వస్తుంది. ఖర్చు కూడా పెద్దగా ఏం కాదు.

మల్లెపందిరి:
జ్యూస్ అనగానే నా కథ చెప్పాలి. 2019లో మా చెల్లి పెళ్లికి ముందు రోజూ ఉదయం అరకిలో క్యారెట్ జ్యూస్ తాగాను, రెండు నెలలు. ఒకరోజు మా ఆయన నా చెయ్యి పట్టుకుని "ఇదేంటి, పసుపు కొట్టావా" అన్నాడు. అరచేతులు, అరికాళ్లు, ముక్కు పక్కన అంతా పసుపు. మా అత్తగారు కామెర్లన్నారు. ఊళ్లో ఎవరో పసరు పోస్తారు, ఉప్పూ కారం మానెయ్యాలి అంటూ మంగళవారం ముహూర్తం కూడా పెట్టేశారు. ఈలోపు మా తమ్ముడు లాక్కెళ్లి రక్తపరీక్ష చేయిస్తే లివర్ శుభ్రంగా ఉంది. డాక్టర్ కళ్లు చూసి నవ్వాడు, కామెర్లయితే తెల్లగుడ్డు కూడా పచ్చబడాలమ్మా, నీ కళ్లు తెల్లగానే ఉన్నాయి, క్యారెట్లు ఎక్కువయ్యాయి అని. క్యారెట్‌లో ఉండే కెరోటిన్ చర్మంలో పేరుకుంటే అలా అవుతుందట, ప్రమాదం లేదు, మానేస్తే కొన్ని వారాలకి పోతుంది. పెళ్లి ఫోటోల్లో మాత్రం నేనే పెళ్లికూతురిలా పసుపుగా ఉన్నాను.

నర్సమ్మ_హన్మకొండ:
మల్లెపందిరి, పొద్దున్నే నవ్వించావు. కానీ తెల్లారగట్ల_కాఫీ గారూ, బీట్‌రూట్ ఎర్రగా ఉందని రక్తం పడుతుందనుకోవడం కరెక్ట్ కాదండీ. ఆ ఎరుపు వేరే రంగు, ఇనుము కాదు. వంద గ్రాముల బీట్‌రూట్‌లో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. మన ఆడవాళ్లకి రోజుకి కావలసింది 29 మిల్లీగ్రాములని మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్లే 2020లో లెక్క ఇచ్చారు, మగవాళ్లకి 19 చాలు. తేడా ఎందుకంటే నెలనెలా మనకి పోయేది ఉంది. కడుపు నిండా తినేదేమో వాళ్లు, ఎక్కువ కావలసిందేమో మనకి.

పండు పిండేసి పిప్పి పారేస్తే మిగిలేది తీపి నీళ్లే. ఇన్సులిన్ గొడవ ఉన్న మనిషికి పరగడుపున గ్లాసుడు తీపి నీళ్లు మంచి చేస్తాయా చెప్పండి. పండుని పండులా నమిలి తింటే సరి.

కృష్ణఒడ్డు, నాకు ఒక్క సంగతి చెప్పు చెల్లీ. నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏం తిన్నావు, ఎన్ని గంటలకి తిన్నావు? దాచకుండా రాయి. బిస్కెట్ ముక్క కూడా.

కృష్ణఒడ్డు:
సరే, నవ్వొద్దు. 5:30కి లేచి కాఫీ, రెండు చెంచాల పంచదార. పిల్లలకి, ఆయనకి, మావయ్యగారికి టిఫిన్లు, బాక్సులు. 8కి ఇంకో కాఫీ. దోసె వేసుకుందామనుకున్నాను, టైమవలేదు, చిన్నవాడు వదిలేసిన అరముక్క తిన్నాను. 9:30కి షాపు. 11కి టీ, రెండు బిస్కెట్లు. భోజనం మూడింటికి, సీజన్ కదా, బిల్లింగ్ దగ్గర రద్దీ. బాక్స్ నిండా అన్నం, అడుగున కాస్త పప్పు, మాగాయ పచ్చడి, పెరుగు తేవడం మర్చిపోయాను. 4కి టీ. ఇంటికొచ్చాక 7కి టీ, పిల్లల మురుకులు. రాత్రి అందరికీ పెట్టి, గిన్నెలు తోమి పదిన్నరకి కూర్చున్నాను, బంగాళాదుంప వేపుడు అప్పటికి అయిపోయింది, అన్నంలో కారప్పొడి, నెయ్యి. మంచినీళ్లు మొత్తం మీద ఒక లీటరు ఉంటాయేమో, షాపులో ఆడవాళ్లకి బాత్రూం మూడో అంతస్తులో ఉంది, తాళం మేనేజర్ దగ్గర ఉంటుంది, అందుకని తాగను.

రాస్తుంటే నాకే ఎలాగో ఉంది.

చింతచిగురు:
మూడు టీలు, రెండు కాఫీలు, రెండే పూటల అన్నం.

నర్సమ్మ_హన్మకొండ:
ఎవరూ నవ్వరు, ఇది మా వార్డులో రోజూ వినే కథే. నాకూ ఇందులో సగం వర్తిస్తుంది, డ్యూటీ ఉన్న రోజు.

అమ్మాయీ, నీ ముఖం సంగతి కంటే ముందు నాకు నీ రక్తం మీద అనుమానం. మెట్లెక్కితే ఆయాసం వస్తుందా, కింది రెప్ప లాగి అద్దంలో చూసుకుంటే లోపల పాలిపోయి ఉందా? 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రలో 58.8 శాతం, మా తెలంగాణలో 57.6. పదిమందిలో ఆరుగురు అన్నమాట. ఈ చర్చలో రాస్తున్న వాళ్లలో కూడా సగానికి పైనే ఉంటారు. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనతే, కానీ 10 ఉన్నా "నాకేం బాగానే ఉన్నా" అని తిరుగుతాం. దాంతో జుట్టు ఊడుతుంది, ముఖం కళ తప్పుతుంది, గోళ్లు విరుగుతాయి. పైపూత ఏది రాసినా దానికి లాభం లేదు.

టీ ఎప్పుడు తాగుతున్నావన్నది చాలా ముఖ్యం. తిండితో పాటు గానీ, తిన్న వెంటనే గానీ టీ, కాఫీ తాగితే అందులోవి ఇనుముని పట్టేసి ఒంటికి అందనివ్వవు. కనీసం గంట దూరం పెట్టు. పుల్లనిది మాత్రం దానికి తోడు, పప్పులో నిమ్మకాయ పిండుకో, ఉసిరికాయ తిను, జామకాయ తిను. గోంగూర, తోటకూర, మునగాకు మంచివే కానీ ఆకుల్లో ఉన్న ఇనుము ఒంటికి పట్టేది తక్కువ, మాంసం, చేప, మేక లివర్ తినేవాళ్లకి బాగా పడుతుంది. మా అమ్మ పులుసు ఇనప మూకుడులో పెట్టేది, చింతపండు పులుపుకి మూకుడులోంచి ఇనుము కొంచెం పులుసులోకి దిగుతుంది, నాన్‌స్టిక్ వచ్చాక అదీ పోయింది.

పరీక్షలు: రక్తం పూర్తి కౌంట్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పేది), పరగడుపు షుగర్, మూడు నెలల షుగర్, థైరాయిడ్. మిగతావి డాక్టర్ చూసి రాస్తారు. ఐరన్ మాత్రలు సొంతంగా మొదలుపెట్టకు.

బంగినపల్లి_మీద_ఒట్టు:
మొటిమలకి ముందు మామిడిపళ్లు మానెయ్యాలండీ. ఒంట్లో వేడి. మా ఇంట్లో మే నెల వస్తే చాలు నాకు సెగ్గడ్డలు, ఇది అనుభవం, ఏ డాక్టర్ చెప్పినా వినను.

అమ్మమ్మ_62:
ఆ పేరు పెట్టుకుని మామిడిపళ్లు మానెయ్యమంటున్నావా నాయనా!

మా కాలంలో పళ్లు నీళ్లలో వేసి ఉంచేవాళ్లం, ముచ్చిక కోసి సొన పోయాకే తినేవాళ్లం. సొన తగిలితే మూతి పుళ్లు పడుతుంది, అది నిజం. తెలియని వాళ్లు దాన్నీ వేడనేవాళ్లు.

మల్లెపందిరి:
నేను ఒకసారి ఇదే అడిగాను. సెగ్గడ్డలు చర్మం మీదుండే బ్యాక్టీరియా వల్ల వస్తాయి, మే నెలలో చెమట, ఉక్క, గోకుడు, ఒక్క టవలు నలుగురు తుడుచుకోవడం, ఇవన్నీ కలుస్తాయి. మామిడిపళ్లు కూడా అప్పుడే వస్తాయి కాబట్టి నింద దాని మీద పడింది. మాటిమాటికీ గడ్డలు వస్తుంటే మాత్రం షుగర్ చూపించుకోమన్నారు. రోజుకి ఆరు రసాలు పీల్చే వాళ్ల సంగతి వేరు, అది తీపి లెక్క, వేడి లెక్క కాదు.

బంగినపల్లి_మీద_ఒట్టు:
ఆరు కాదు, నాలుగు. చూపించుకుంటాలెండి.

ఎడిసన్_కోడలు:
న్యూజెర్సీ నుంచి. నాకు పీసీఓడీ 24 ఏళ్లప్పటి నుంచి, అందుకని తిండికీ చర్మానికీ సంబంధం ఉందా అన్నదానికి నేను చదివిందీ పడిందీ రాస్తాను. ఉంది, కానీ ఇన్‌స్టా వాళ్లు చెప్పినంత లేదు. నూనె తింటే ముఖం జిడ్డవుతుంది, చాక్లెట్ తింటే మొటిమ అని మన చిన్నప్పుడు అనేవాళ్లు, దానికి గట్టి ఆధారం లేదు. రక్తంలో చక్కెరని ఒక్కసారిగా లేపే తిండికి మాత్రం ఉంది. ఆస్ట్రేలియాలో 2007లో మొటిమలున్న కుర్రాళ్లని రెండు జట్లు చేసి ఒక జట్టుకి 12 వారాలు చక్కెరని మెల్లగా పెంచే తిండి పెట్టారు, వాళ్లకి మొటిమలు బాగా తగ్గాయి. మన పాలిష్ బియ్యం అన్నం, ఇడ్లీ, మైదా, పంచదార కాఫీ అన్నీ ఆ లేపే జాతే.

పాల గురించి కూడా కొన్ని పరిశోధనలు ఉన్నాయి, ముఖ్యంగా వెన్న తీసిన పాలు ఎక్కువ తాగేవాళ్లలో మొటిమలు ఎక్కువ కనిపించాయని. అందరికీ కాదు. నాకు పాలు మానేస్తే తేడా తెలియలేదు, జిమ్ మొదలెట్టి వే ప్రోటీన్ పొడి (పాల విరుగుడు నీళ్లతో చేసేది) తాగిన రెండు నెలలూ మాత్రం వీపంతా మొటిమలే, మానేశాక తగ్గాయి. మీరు ఒక నెల పాలు ఆపి చూడండి, తేడా లేకపోతే తిరిగి తాగండి. ఊరికే కాల్షియం పోగొట్టుకోకండి.

అన్నం మానలేదు నేను, మానితే నాకు ఏడుపొస్తుంది. తినే వరస మార్చాను. ముందు కూర, పప్పు, గుడ్డు ఏదుంటే అది సగం తినేసి, ఆ తర్వాత అన్నం కలుపుకుంటాను. అదే తిండి, అదే కంచం, కానీ అలా తింటే చక్కెర అంత ఎగరదు. తిన్నాక పావుగంట నడక. ఇక్కడ మంచు పడితే ఇంట్లోనే గుండ్రంగా తిరుగుతాను, మా అమ్మాయి ప్రదక్షిణలు అని వెక్కిరిస్తుంది.

కొర్రల_బువ్వ:
అన్నం మానక్కర్లేదు అని ఎలా అంటారు, మొత్తం సమస్యే తెల్ల బియ్యం. కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు, అండుకొర్రలు, ఈ అయిదే తినండి. అన్ని రోగాలూ పోతాయి.

చింతచిగురు:
అన్ని రోగాలూ పోవు అన్నా. మా అత్తగారు కొర్రన్నం అని చెప్పి రెండు గిన్నెలు తినేది, షుగర్ 240. చిరుధాన్యాలు మంచివే, పీచు ఉంటుంది, కానీ గిన్నె సైజు తగ్గాలి, పక్కన కూర పెరగాలి. పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో కూడా కంచంలో సగం కూరగాయలు, పళ్లే ఉండాలన్నారు. మన కంచంలో కూర ఎక్కడుంటుంది, ఉప్పు పక్కన, బొట్టు పెట్టినట్టు. రాగులు మాత్రం నేను వదలను, వంద గ్రాముల్లో కాల్షియం 350 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది, అదే పాలలో అయితే 120 చిల్లర.

బడిగంట_టీచర్:
ఆ బాత్రూం తాళం దగ్గరే ఆగిపోయాను నేను. మా స్కూల్లో పదేళ్ల క్రితం ఆడటీచర్లు ఏడుగురికి ఒకటే, దానికీ గడియ ఉండేది కాదు. పొద్దున బస్సెక్కేముందు నీళ్లు మానేసి, సాయంత్రం ఇంటికొచ్చాక తాగేదాన్ని. ఆరు నెలల్లో మూడుసార్లు మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మూడోసారి చలిజ్వరంతో సెలైన్ పెట్టించుకున్నాను. నీళ్లు ఎక్కువ తాగితే ముఖం మెరుస్తుందనే మాటలో పెద్ద నిజం లేదు, మామూలుగా తాగేవాళ్లు ఇంకో రెండు లీటర్లు తాగినంత మాత్రాన చర్మం మారదు. కానీ ఆపుకోవడం, ఎండగట్టుకోవడం వేరే సంగతి, దానికి మూత్రపిండాలు లెక్క చెప్తాయి.

కేరళలో 2018లో షాపుల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే హక్కు చట్టంలో పెట్టారు, తమిళనాడులో 2021లో. బట్టల షాపుల ఆడవాళ్లు పోరాడితే వచ్చింది అది. తాళం గురించి నువ్వొక్కదానివే అడగకు, అయిదుగురు కలిసి వెళ్లండి.

కృష్ణఒడ్డు:
మేం పద్నాలుగు మందిమి ఉన్నాం మేడం. ఇన్నేళ్లు ఎవరికీ తట్టలేదు.

నెల్లూరు_చేపలపులుసు:
ఆడవాళ్ల మాటల్లో దూరుతున్నందుకు క్షమించాలి. మా ఆవిడకి బుగ్గల మీద గోధుమరంగు మచ్చలు, రెండో కాన్పు తర్వాత వచ్చాయి. మందుల షాపు అబ్బాయి ఒక ట్యూబ్ ఇచ్చాడు, పదిహేను రోజుల్లో ముఖం తెల్లగా అయింది, సంతోషపడ్డాం. ఇప్పుడు రాయడం ఆపితే ఎర్రగా మండిపోతోంది, రాస్తే తగ్గుతోంది. దీనికి ఏం తినాలి?

నర్సమ్మ_హన్మకొండ:
తినేదేం లేదు అన్నా, ముందు స్కిన్ డాక్టర్‌కి చూపించండి, ఆ ట్యూబ్ కూడా తీసుకెళ్లండి. మీరు చెప్పేది వింటే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టుంది. చర్మం దానికి అలవాటు పడిపోతుంది, పల్చబడుతుంది, రక్తనాళాలు బయటికి కనపడతాయి, ముఖం మీద వెంట్రుకలు వస్తాయి. 2018లోనే కేంద్రం ఇలాంటి 14 స్టెరాయిడ్ పూతల్ని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని చెప్పింది, అయినా అమ్ముతున్నారు.

ఆ మచ్చలు మంగు అయ్యుంటాయి. కడుపుతో ఉన్నప్పుడు, గర్భం రాకుండా వేసుకునే మాత్రలతో వస్తాయి, ఎండకి ముదురుతాయి. దానికి తిండి మందు కాదు, ఎండ తగలకుండా చూసుకోవడమే సగం మందు. పొయ్యి వేడి కూడా దానికి పడదు, వంట కొన్నాళ్లు మీరు చేయండి, పేరులో చేపలపులుసు ఉంది కదా.

అమ్మమ్మ_62:
కాన్పు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. నా మొదటి కాన్పప్పుడు నలభై రోజులు పత్యం, వెల్లుల్లి కారం అన్నం, వేయించిన కారప్పొడి, ఎండు ముక్కలు. పెరుగు లేదు, కూరలు లేవు, పళ్లు లేవు. నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట వస్తుందని దాహం వేసినా కొలిచి ఇచ్చేది మా అత్తగారు. చంటివాడు పాలకి ఏడుపు, నేను ఆకలికి ఏడుపు. నాలుగో నెలలో జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. నా కోడలికి అవేవీ పెట్టనివ్వలేదు, శుభ్రంగా అన్నీ తింది, దానికీ నాలుగో నెలలో ఊడింది! డాక్టరమ్మ చెప్పింది, కాన్పు తర్వాత మూడు నాలుగు నెలలకి చాలామందికి ఊడుతుంది, ఏడాది తిరిగేసరికి వస్తుంది అని. వచ్చింది కూడా. నాకు మాత్రం సగమే వచ్చింది. రక్తం లేదు కదా ఒంట్లో, ఎక్కడి నుంచి వస్తుంది.

తెల్లారగట్ల_కాఫీ:
జుట్టుకి బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నాను నేను, అందరూ వాడుతున్నారు కదా, ఫర్వాలేదా?

ఎడిసన్_కోడలు:
బయోటిన్ లోపం మామూలుగా తినేవాళ్లలో చాలా అరుదండీ, లోపం లేనివాళ్లకి దానివల్ల జుట్టు పెరుగుతుందనే రుజువు పెద్దగా లేదు. ఇంకో తంటా ఉంది, ఎక్కువ డోసులో వేసుకుంటే రక్తపరీక్షలు తప్పుగా చూపిస్తాయి, థైరాయిడ్ కూడా. ఇక్కడ 2017లోనే ప్రభుత్వ మందుల సంస్థ హెచ్చరిక ఇచ్చింది. పరీక్షకి ముందు ఆ మాత్ర వేసుకుంటున్నానని చెప్పండి.

మీరు శాకాహారులా? వేళ్ల కణుపులు నల్లబడుతున్నాయా? అయితే బి12 చూపించుకోండి, మా అమ్మకి అలాగే దొరికింది. గోరింటాకు మరకనుకుంది పాపం, ఏడాది పాటు.

మల్లెపందిరి:
మాత్రల మాట వచ్చింది కనుక ఇంకొకటి. మొటిమలకి ఐసోట్రెటినోయిన్ అని మాత్ర ఇస్తారు, బాగా పనిచేస్తుంది. మా కజిన్‌కి రాసిన స్ట్రిప్ తన ఫ్రెండ్ కూడా వేసుకుంటోందని తెలిసి గుండె ఆగినంత పనయింది, ఆ అమ్మాయికి కొత్తగా పెళ్లయింది. ఆ మందు ఒంట్లో ఉండగా గర్భం వస్తే బిడ్డకి తీవ్రమైన అవకరాలు రావచ్చు, ఆపిన తర్వాత కూడా నెల రోజులు జాగ్రత్తగా ఉండాలి. డాక్టర్ చూడకుండా, గర్భం లేదని పరీక్ష చేయకుండా తాకకూడని మందు అది. కృష్ణఒడ్డు, ఎవరైనా చెప్పినా వేసుకోకు.

కృష్ణఒడ్డు:
పదిహేను రోజుల తర్వాత వస్తున్నాను, రిపోర్టులు వచ్చాయి. హిమోగ్లోబిన్ 9.4. ఫెరిటిన్ 6. పరగడుపు షుగర్ 108, మూడు నెలల షుగర్ 5.9. థైరాయిడ్ బాగానే ఉంది. స్కాన్‌లో పీసీఓడీ అన్నారు. డాక్టరమ్మ రిపోర్టు చూసి "ఇంత రక్తంతో పొద్దున్నుంచి రాత్రిదాకా ఎలా నిలబడుతున్నావమ్మా" అంది, అక్కడే కళ్లనీళ్లు వచ్చేశాయి. ఇన్నాళ్లూ బద్ధకం అనుకున్నాను, ఆయన కూడా అదే అనేవారు. బిల్లు కట్టేటప్పుడు ఫేషియల్స్ పన్నెండు వేల సంగతి కూడా చెప్పేశాను. కాసేపు ఏం మాట్లాడలేదు, రాత్రి గిన్నెలు తోమారు.

నర్సమ్మ_హన్మకొండ:
ఫెరిటిన్ 6 అంటే డబ్బా అడుగు గీకుతున్నట్టు. మందులు రాశారు కదా, మధ్యలో ఆపకు, హిమోగ్లోబిన్ పెరిగాక కూడా ఇంకొన్ని నెలలు వాడమంటారు, నిల్వలు నిండాలి. ఆ మాత్రలకి విరేచనం నల్లగా వస్తుంది, భయపడకు. మూడు నెలల షుగర్ మాత్రం, ఇనుము లోపం ఉంటే కాస్త ఎక్కువ చూపించే అవకాశం ఉంది, రక్తం పడ్డాక మళ్లీ చేయించమని డాక్టర్‌ని అడుగు. అలాగని వదిలేయమని కాదు, మెడ చెప్తూనే ఉంది కదా.

కృష్ణఒడ్డు:
రెండున్నర నెలలయింది, ఎలా ఉందో రాయమని చింతచిగురు అక్క మెసేజ్ పెట్టింది. ఉన్నదున్నట్టు రాస్తాను. మొటిమలు పోలేదు, కొత్తవి రావడం తగ్గింది, వచ్చినవి చిన్నగా ఉంటున్నాయి, పాత మచ్చలు అలాగే ఉన్నాయి. స్కిన్ డాక్టర్ ఇచ్చిన క్రీము ఒకటి రాస్తున్నాను, అది రాత్రిపూట మాత్రమే. మెడలో ఏ మార్పూ లేదు, బరువు తగ్గి ఇన్సులిన్ దారికొస్తేనే మెల్లగా తగ్గుతుందన్నారు, ఇప్పటికి రెండు కిలోలు. హిమోగ్లోబిన్ 11.6. షాపు మూడో అంతస్తు ఆగకుండా ఎక్కాను! తాళం ఇప్పుడు బిల్లింగ్ కౌంటర్ దగ్గర మేకుకి వేలాడుతోంది, ఎనిమిది మందిమి వెళ్లి అడిగాం, మేనేజర్ ఒక్క మాట కూడా అనలేదు.

తిండిలో పెద్ద మార్పులేం చేయలేదు. పొద్దున 7:30కి పిల్లలతో పాటు నేనూ కూర్చుంటున్నాను, పెసరట్టు గానీ ఉడికించిన గుడ్డు గానీ. టీ, కాఫీలు కలిపి అయిదు నుంచి రెండుకి వచ్చాయి, పంచదార సగం. మధ్యాహ్నం బాక్సు రెండు చేశాను, పెద్దదాంట్లో కూర, చిన్నదాంట్లో అన్నం, మొదటి వారం షాపులో అమ్మాయిలు నవ్వారు. అన్నిటికంటే కష్టమైంది రాత్రి అందరితో పాటు కూర్చోవడం. మొదటిరోజు మావయ్యగారు పెరుగు అడిగితే అలవాటుగా లేచాను, మా పెద్దది "అమ్మా నువ్వు తిను" అని తనే వెళ్లి తెచ్చింది.

అసలు చెప్పాలనుకున్నది ఇది. మొన్న ఆదివారం గృహప్రవేశంలో మళ్లీ మా చిన్నత్తగారు కలిసింది. ఉక్కగా ఉందని పైట వెనక్కి వేసుకుని విసురుకుంటోంది, ఆమె మెడ చూశాను. నాకంటే నలుపు, అదే మందం, చుట్టూ పులిపిర్లు. ఇన్నేళ్లూ పైట కప్పుకుంటే నాకెప్పుడూ కనపడలేదు. అంటే ఆమె కూడా ఎంత తోముకుని ఉంటుందో. "అత్తా, ఎప్పుడైనా షుగర్ చూపించుకున్నావా" అన్నాను. "నాకేం రోగమే" అంది. గట్టిగా అనలేదు మాత్రం. బుధవారం పొద్దున పరగడుపున తీసుకెళ్తున్నాను, కాఫీ తాగొద్దని రాత్రి ఫోన్ చేసి గుర్తుచేయాలి.